నీట మునుగువారి చెవులు

నేటి ప్రసంగమునకు నేనెన్నుకొన్న విషయము చూచుటకు చిన్నది. నీటిలో లోతునకు దిగునప్పుడు చెవులలో కలుగు బాధకు కారణమేమి, దానిని తప్పించుకొను నేర్పెట్టిది, ఆ నేర్పును పిల్లలకు గరపుటలో పెద్దలమైన మన కర్తవ్యమేమి అను మూడంశములను విన్నవింపదలచితిని. వ్యాకరణము, తర్కము చెప్పుకొని బ్రదికి, అరువది దాటిన బడిపంతులునకు ఈతగాండ్ర విద్యతో నేమి పని యని మీరనవచ్చును. మాది మహదేవపూరు. మా మండలములోనే కాళేశ్వరమున ప్రాణహిత వచ్చి గోదావరిలో కలియుచున్నది. అట్టి చోట ఏండ్ల తరబడి చదువు చెప్పినవాడు నీటి సంగతి యెరుగక తప్పదు. నాయొద్ద చదివిన పిల్లలలో గుణింతములకంటె ముందుగా ఈత నేర్చినవారు పలువురు కలరు.

ఒక విషాదమును తలచుకొనక ఈ ప్రసంగమును నడుపజాలను. 2025వ సంవత్సరము జూను మాసమున, మా మండలమున మేడిగడ్డ ఆనకట్ట సమీపమున, గోదావరిలో స్నానమునకు దిగిన ఆరుగురు యువకులు మునిగి మరణించిరి. నదీతీర గ్రామములలో ఇట్టి యాపద వచ్చినపుడెల్ల తొలుత నీటిలోనికి దుమికెడివాడెవడు? పట్టణమునుండి రావలసిన రక్షకదళము వచ్చులోపల, ఆ యూరి బెస్తవాడో, ఈత వచ్చిన పొరుగింటి కుర్రవాడో దుముకును. అతని ధైర్యమును మెచ్చుకొననివారుండరు. కాని అతడు గట్టునకు వచ్చి ఒకప్రక్క చెవి మూసికొని కూర్చున్నపుడు, నీ చెవికేమైనదని యడుగువారరుదు. ఆ మనుష్యుని కొరకును, రేపు అతనివలె దుముకబోవు బాలుని కొరకును నేనీ నాలుగు మాటలు చెప్పుచున్నాను.

ఈదుట వేరు, మునుగుట వేరు. నీటిపైన మైలు దూరము ఈదగలవాడును బావిలో రెండు నిలువుల లోతున పడిన చెంబును తేలేక తిరిగివచ్చుట మీరు చూచియుందురు. ఊపిరి చాలక కాదు. చెవిలో శూలము పొడిచినట్లగుటచేత వచ్చును. ఈ బాధ పిరికివానికిని శూరునకును సమానమే. ఇది పదార్థధర్మమునకు సంబంధించినది గాని మనోధైర్యమునకు సంబంధించినది కాదు. నా ప్రసంగసారమంతయు నీ యొక్క మాటలో నున్నది: చెవిని ధైర్యముచేత జయింపరాదు, నేర్పుచేత తెరువవలెను.

కారణము చెప్పెదను. మనము గట్టుమీద నిలుచున్నపుడు కూడ మన మీద గాలి బరువుండును. పుట్టినది మొదలు దానిని మోయుచుండుటచేత మనకు తెలియదు. నీటిలో దిగినపుడు దీనికి నీటి బరువు తోడగును. 33 అడుగుల లోతున, అనగా ఇంచుమించు ఆరు నిలువుల లోతున, నీటి బరువొక్కటియే గాలి బరువంతటికి సమానమగును. కావున అచ్చట ఒత్తిడి రెట్టింపు. ఒక గాజు గ్లాసును బోర్లించి తొట్టి నీటిలో నిలువుగా ముంచి చూడుడు. లోపలి గాలి వెలికి పోదు గాని, నీరు అంచుదాటి కొంచెము పైకెక్కును. అదే గ్లాసును 33 అడుగుల లోతునకు కొనిపోగలిగినచో నీరు సగమువరకు నెక్కి, గాలి సగమునకు ముడుచుకొనును.

మన చెవిలోను అట్టి గ్లాసొకటి కలదు. చెవిరంధ్రము చివర కర్ణభేరి యను పలుచని పొర యుండును. దాని వెనుక నొక చిన్న గది. ఆ గదిలో సుత్తె, దాగలి, అంకవన్నె యను మూడు సూక్ష్మాస్థులు శబ్దమును లోపలికి చేరవేయుచుండును. ఆ గది నిండ గాలి. చెవిగూటిలో చిక్కిన ఆకాశమే శ్రోత్రేంద్రియమని మన తార్కికులు చెప్పిరి. ఆ సిద్ధాంతమునటుంచి, చెవిలో శూన్యమువలె కనబడు తావున్నదనుట మాత్రము శరీరశాస్త్రమునకును సమ్మతమే; కాకున్న ఆ తావున నున్నది గాలి, దానికి బరువు కలదు, ఒత్తిన ముడుచుకొనును. నీటిలో దిగునప్పుడు లోపలి గాలి ముడుచుకొనగా కర్ణభేరి లోపలికి వంగును. ఆ వంపే మనకు నొప్పి. మఱియు వంగినచో చిరుగును.

దైవము దయామయుడు, ఆ గదికొక దొడ్డిదారి నేర్పరచినాడు. మధ్యకర్ణమునుండి ముక్కు వెనుక, కంఠము పైభాగమునకు ఒకటిన్నర అంగుళము పొడవైన సన్నని నాళము కలదు. దానిని కంఠకర్ణనాళమందురు. 16వ శతాబ్దమున ఇటలీ దేశపు వైద్యుడు యూస్టాకియో దానిని వర్ణించుటచేత పాశ్చాత్యులు దానికాతని పేరే పెట్టిరి. ఈ నాళము ఎల్లవేళల తెరచియుండదు. మనము గుటక వేసినపుడో, ఆవులించినపుడో క్షణకాలము తెరచుకొని మూసికొనును. తిరుమల ఘాటు దారిన బస్సులో దిగునప్పుడు చెవులు దిబ్బడపడి, గుటక వేయగానే టక్కున విడుట మీలో పెక్కుమంది యెరుగుదురు. విమానమెక్కి పరదేశమున నున్న బిడ్డలను చూచి వచ్చినవారు దిగునప్పుడు మఱింత బాగుగా నెరిగియుందురు. ఇచట గమనింపవలసిన దొకటి కలదు. తిరుమలకొండ పైనుండి క్రిందికి వచ్చుసరికి గాలి బరువులో కలుగు మార్పంతయు, నీటిలో ఇంచుమించు మూడడుగులు దిగినంతనే కలుగును. కొండ దిగుటకు అరగంటకు పైగా పట్టును. నీటిలో మూడడుగులు దిగుటకు రెప్పపాటు చాలును. కావుననే ముప్పు అడుగున లేదు, మొదటి నిలువులోనే యున్నది.

ఇంకొక చిక్కు కలదు. బయటి ఒత్తిడి మిక్కుటమైన కొలది నాళపు ముఖద్వారము, తడిసిన తోలుతిత్తి మూతివలె, అతుకుకొనిపోవును. నాలుగైదడుగుల లోతువరకు గాలి అందీయక దిగినవానికి ఆ తరువాత ఎంత ప్రయత్నించినను అది విడకపోవచ్చును. అప్పుడు బలముకొలది ముక్కు చీదినట్లు ఊదుట ప్రమాదము. కర్ణభేరి చిరుగుటయే కాక, లోచెవి గవాక్షపు పొర పగిలి, శాశ్వతముగా చెవుడు వచ్చుటయు కలదు.

ఈ శాస్త్రము నేను పుస్తకములలో చదువుటకు మునుపే, కాళేశ్వరము రేవున వలవేయు వృద్ధుడొకడు దీనిని రెండు ముక్కలలో నాకు చెప్పెను. అతని మాటలలోనే చెప్పెదను: “పంతులయ్యా, చెవి నొయ్యకముందే గాలియ్యాలె. నొచ్చినంక ఇయ్యబోతె అది మొండికేస్తది.” దీనికి మించిన సూత్రము నాకు గ్రంథములలోను కనబడలేదు. సూత్రమునకు వ్యాఖ్యానము కావలెను గదా. ఇక చెవికి గాలి యందిచ్చు పద్ధతులను వరుసగా చెప్పెదను.

మొదటిది అందరెరిగినదే. ముక్కు రెండు వ్రేళ్ళతో మూసి, నోరు మూసి, మెల్లగా ఊదుట. 1704వ సంవత్సరమున చెవిని గూర్చి గొప్ప గ్రంథము వెలువరించిన ఇటలీ వైద్యుడు వల్సాల్వా పేర ఇది ప్రసిద్ధి. నేర్చుటకు సులభము. కాని రొమ్ము బలము వాడునది గనుక మితిమీరుటయు సులభమే. దీపమారకుండ ఒత్తిని చలింపజేయునంత ఊపు చాలునని నేను పిల్లలకు చెప్పుదును.

రెండవది, ముక్కు మూసికొని గుటక వేయుట. ఇది 19వ శతాబ్దపు ఆంగ్ల కర్ణవైద్యుడు టోయిన్‌బీ పేర నున్నది. ఇందు రొమ్ముతో ఊదుట లేదు గనుక మృదువైనది. కాని త్వరత్వరగా దిగువానికి చాలదు.

మూడవది మేలైనది. రెండవ ప్రపంచయుద్ధ కాలమున జర్మను వైద్యుడు ఫ్రెంజెల్, ఆకాశమునుండి నిట్టనిలువుగా దిగు విమానచోదకులకు దీనిని నేర్పెను. ఇందు రొమ్ముతో పని లేదు. కంఠమును బిగించి, ముక్కు మూసి, నోటిలోని గాలిని నాలుకయే వెనుకకు, పైకి నెట్టును. నాలుక బొక్కెనలోని కవాటమువలె పని చేయును. పాశ్చాత్య గురువులు దీనిని నేర్పుటకు నెలలు పట్టునందురు. వర్ణోత్పత్తి స్థానములు చదివిన మనకు అంత కష్టముండరాదని నా నమ్మకము.

ఎట్లనగా: బరువైన మూట నెత్తునప్పుడు మనము ఊపిరి బిగపట్టి ముక్కుదుము. అప్పుడు కంఠద్వారము మూతపడును. అది మొదటి మెట్టు. మూట లేకుండగనే అట్లు మూయుట యభ్యసింపవలెను. రెండవ మెట్టున, కవర్గము చివరి యక్షరమైన ఙకారమును తలచుకొనుడు. కకారము పలుకునప్పుడు మెత్తని అంగిలి పైకి లేచి ముక్కు దారిని మూసివేయును; ఙకారమునకు ఆ దారి తెరచియుండును. కావున నాలుక మొదటిభాగమును కవర్గ స్థానమున నుంచి, ముక్కు దారిని ఙకారమునకువలె విడిచి, వ్రేళ్ళతో ముక్కు మూసి, ‘శంఖము’ అను మాటలో సున్న పలుకు తీరున నాలుకను పైకి త్రోయవలెను. శబ్దము రాదు. వ్రేళ్ళ క్రింద ముక్కు పుటములు కొంచెముబ్బును. చెవులలో టక్కుమను చిన్న ధ్వని వినబడును. అది వినబడినచో ద్వారము తెరచుకొన్నట్లే. రొమ్ము కదలుచున్నదా లేదాయని చూచుటకు ఒక చేయి పొట్టమీద నుంచుకొనవలెను. పొట్ట కదలినచో అది మొదటి పద్ధతిగాని మూడవది కాదు. ఈ యభ్యాసమంతయు ఇంట అరుగుమీద కూర్చుండి చేయదగినది. గట్టున రానిది నీట రాదు.

ముక్కు మూయుటకు చేతిని వాడవలసియుండుట ఒక యిబ్బందియే. పర్షియా సింధుశాఖలో ముత్యపుచిప్పల కొరకు మునుగువారు పూర్వము ముక్కునకు చిన్న పట్టుకారు తగిలించుకొని, రాతి బరువుతో త్రాటివెంట దిగెడివారు. అందువలన రెండు చేతులును పనికి మిగిలెను. మన కరీంనగరము ప్రాంతమునుండి నేడు బ్రదుకుతెరువునకై బహ్రయిను, దుబాయి పోవువారు చూచు సముద్రమదియే. 20వ శతాబ్దపు తొలిపాదము ముగిసిన పిమ్మట జపాను పెంపుడు ముత్యములు బజారునకు వచ్చుటచే ఆ వృత్తి క్షీణించినది. కాని త్రాటివెంట దిగు పద్ధతి నేటికిని మెచ్చదగినది.

ఇక దిగునప్పటి నియమములు. ఒకటి: నీటిమట్టముననే, దిగకముందే, ఒకసారి చెవికి గాలి యందీయవలెను. రెండు: పిదప రెండేసి అడుగులకొకసారి, నొప్పి రాకమునుపే, ఇచ్చుచుండవలెను. మూడు: క్రొత్తవాడు తల క్రిందుగా దిగరాదు, త్రాడో గడయో పట్టుకొని కాళ్ళు ముందుగా దిగవలెను. తల క్రిందైనపుడు రక్తము చేరి నాళపు లోపొర ఉబ్బును గనుక ద్వారము తెరచుట కష్టము. నాలుగు: చెవి విడకున్న ఆగవలెను, రెండడుగులు పైకి వచ్చి మరల ప్రయత్నింపవలెను, అప్పటికిని విడకున్న ఆనాటికి గట్టెక్కవలెను. అయిదు: పడిశము పట్టిననాడు, చెవి కారుచున్ననాడు నీటిలోనికి దిగనేకూడదు. ఆరు: పైకి వచ్చునప్పుడు లోపలి గాలి వ్యాకోచించి సాధారణముగా తనంత తానే వెలికిపోవును. అప్పుడు నొప్పి కలిగిన తొందరపడక మెల్లగా రావలెను. ఏడు: ఒంటరిగా దిగరాదు. గట్టున త్రాడు పట్టుకొని చూచుచుండు పెద్దయొక్కడు లేనిదే ఈ విద్యకు ఓం నమః అనరాదు. మునుగుటకు మునుపు దీర్ఘముగా పలుమారు ఊపిరి తీయుటయు మానవలెను. దానిచేత ఊపిరాడని హెచ్చరిక తోచక, నీటిలోనే స్మృతి తప్పి పోయినవారు కలరు.

పెద్దలారా, ఈ నియమములలో నాలుగవదానిని పాటించుట పిల్లలకు కష్టము. ఏలయన దానికి అడ్డము వచ్చునది నీరు కాదు, మన నోటిమాట. చెవి నొచ్చినదని పైకి వచ్చిన బాలుని జూచి ‘ఆడపిల్లవా’ యని నవ్వువారు మన గ్రామములలో లేకపోలేదు. ఆడపిల్లల చెవులును కర్ణభేరులే, వారికిని ఈత కావలసినదే యను సంగతి యటుండగా, ఆ నవ్వునకు జడిసి బాలుడు మరల దుముకును. ఈసారి నొప్పి నోర్చుకొనును. ఓర్చుకొనుచుండగా పొర చిరిగి, చల్లని నీరు లోపలికి పోవును. ఒక చెవిలో మాత్రము చల్లని నీరు చేరుటచేత తల గిర్రున తిరుగును. నీటిలో పైయేదియో క్రిందేదియో తెలియదు. చిరిగిన చెవి మాని పోవచ్చును. ఆ తలతిప్పులో దారి తప్పినవాడు మాత్రము తిరిగి రాకపోవచ్చును. అట్టి స్థితిలో త్రాడున్న దానిని విడువరాదు. లేకున్న తన నోటినుండి వెడలు బుడగలు పోవు దిక్కే పైదిక్కని తెలిసికొనవలెను. తలతిప్పు కొంతసేపటికి తగ్గును.

చెవి చిరిగినదని తోచినపుడు చేయరాని పనులను గూడ చెప్పెదను. నూనె కాచి పోయుట, ఆకు పసరు పిండుట, పుల్లతో కెలకుట మన యిండ్ల అలవాట్లు. చిరుగున్న చెవిలో పోసినదేదైనను లోపలి గదికి చేరి చీము పట్టించును. చేయవలసినది మిక్కిలి తక్కువ. చెవిని పొడిగా నుంచి, వైద్యునకు చూపవలెను. చిన్న చిరుగులు పెక్కులు కొన్ని వారములలో తమంత తామే మానును. మానినదని వైద్యుడు చెప్పువరకు నీట మునుగరాదు. మునిగిన పిదప వినికిడి ఒక్కసారిగా తగ్గినను, తలతిప్పు విడువకున్నను అది లోచెవికి తగిలిన దెబ్బ. మరునాటికి వాయిదా వేయక ఆనాడే పెద్దాసుపత్రికి కొనిపోవలెను. నీరు పోకుండుటకని చెవిలో దూదియు మైనమును బిగించి మునుగు అలవాటును మాన్పింపవలెను. బిరడాకు వెనుక గాలి చిక్కి, పొర బయటికి లాగబడి చిరుగును. బిరడా లోపలికి దిగిపోవుటయు కలదు.

ఎంత నేర్చినను చెవికి, ఊపిరికి హద్దు కలదని కూడ నేర్పవలెను. 2019వ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీన పాపికొండల దారిలో కచ్చులూరు వద్ద రాయల్ వశిష్ఠ యను పడవ గోదావరిలో మునిగి పెక్కుమంది మరణించిన సంగతి మీరు మరచియుండరు. అది 200 అడుగులకు మించిన లోతున చిక్కుకొనెను. ఆ లోతున ఒత్తిడి గట్టుమీదికంటె ఏడు రెట్లు. వరద ఉధృతమై, సుడులు తిరుగు ఆ నీటిలో మనుష్యుని దింపుటకంటె, ఇనుప త్రాళ్ళను, లంగరు కొక్కెములను దింపుటయే వివేకమని కాకినాడ వాస్తవ్యులు ధర్మాడి సత్యంగారు పనిపూనిరి. అనేక ప్రయత్నములు విఫలమైన పిదప, విశాఖపట్టణపు ఈతగాండ్ర తోడ్పాటుతో వారి బృందము అక్టోబరు 22వ తేదీన పడవను వెలికి తీసెను. త్రాడు పోదగిన చోటికి త్రాటిని పంపి, మనుష్యుడు తప్పనిచోటనే మనుష్యుని పంపుట యందలి పెద్దరికము ఇందువలన మనము గ్రహింపవలెను.

భారతమున దుర్యోధనుడు జలస్తంభనవిద్యచే ద్వైపాయనహ్రదమున దాగియుండెనని విందుము. నీటిని స్తంభింపజేసినవానికి చెవి బాధ యుండదు గాబోలు. మనకట్టి విద్య లేదు. మన పిల్లలకు నీరు తన బరువును తగ్గించుకొనదు. కావున గ్రామపెద్దలకు నాదొక మనవి. వేసవి సెలవులలో బావులవద్ద ఈత నేర్పునపుడు, సొరబుర్ర కట్టి చేతులు కాళ్ళు ఆడించుట నేర్పినట్లే, చెవికి గాలి యందిచ్చుటయు గట్టున కూర్చుండబెట్టి నేర్పింపుడు. మన ఊళ్ళలో మునుగ నేర్చిన బెస్తపెద్దలను పిలిచి, వారికి గురుస్థానమిచ్చి, వారిచేత చెప్పింపుడు. ఏ బాలుడైనను చెవి విడలేదని పైకి వచ్చినచో నవ్వక, బుద్ధిమంతుడవని వీపు తట్టుడు. రేపు నదిలో ఎవరో మునుగుచున్నారన్న కేక వినబడినపుడు దుముకువాడు ఆ బాలుడే కావచ్చును. ఎప్పుడు దిగవలెనో, ఎప్పుడు తిరిగి రావలెనో రెండును తెలిసినవానిని నదికి పంపిన ఊరు, ఒకరిని రక్షింపబోయి ఇద్దరిని పోగొట్టుకొనదు.